లంక గ్రామం నుంచి 40 మీటర్ల బ్యాండ్: కొబ్బరి తోటలో యాంటెన్నా, రిగ్, బ్యాటరీ గురించి సలహా కావాలి

ప్రశ్న: లంకవాసి

అందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామం. ఇటీవలే నాకు హ్యామ్ రేడియో (అమెచ్యూర్ రేడియో) రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చాయి. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నది 5 వాట్ల హ్యాండ్‌సెట్ ఒక్కటే. ఏటిగట్టు మీద నిలబడితే అమలాపురం వైపు మిత్రులు స్పష్టంగానే వినిపిస్తున్నారు గాని, గట్టు దిగి మా తోటలోకి వస్తే మాట తెగిపోతున్నది.

నాకు ఈ హాబీ మీద ఆసక్తి కలగడానికి కారణం వరదలు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు కాజ్‌వే మునిగి, కరెంటు పోయి, ఫోన్లు పనిచేయని వేళ మా ఊరి కబురు మండల కేంద్రానికి చేరాలంటే పడవ వెళ్లి రావడం తప్ప దారి లేకపోయింది. అటువంటి సమయంలో రాజమహేంద్రవరంతో, విజయవాడతో, వీలైతే హైదరాబాదుతో కూడా నేరుగా మాట్లాడగలిగే స్టేషన్ మా ఇంట్లో ఉండాలని నా కోరిక.

అందుకు ఏ రిగ్ (పంపడానికీ వినడానికీ వాడే రేడియో సెట్) కొనాలి? 100 వాట్లది తప్పనిసరా, తక్కువ శక్తిది సరిపోతుందా? టవర్ వేసే స్తోమత నాకు లేదు. పెరట్లో ఉన్న ఎత్తయిన కొబ్బరి చెట్లకు తీగ కట్టవచ్చా? ఒక మిత్రుని దగ్గర తెచ్చుకున్న షార్ట్‌వేవ్ రేడియోలో రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ దగ్గర విపరీతమైన చిటపట వినిపిస్తున్నది, వాన పడిన మర్నాడు మాత్రం తగ్గిపోతున్నది. దీనికి కారణం ఏమిటో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: అమలాపురం ఆపరేటర్

లంకవాసి గారూ, లైసెన్సు వచ్చినందుకు అభినందనలు. మీరు రిగ్ గురించి ముందు అడిగి, యాంటెన్నా గురించి తరువాత అడిగారు. ఆ వరుసను దయచేసి తిరగేయండి. మన డెల్టాలో స్టేషన్ బాగా పనిచేసినా, మూలన పడినా దానికి కారణం చాలావరకు తీగ, దాన్ని రిగ్‌కు కలిపే కోయాక్స్ కేబుల్, వాటి జాయింట్లే. మీ దగ్గరున్న డబ్బులో ముందు వాటికి కేటాయించి, మిగిలినదానితో రిగ్ చూసుకోండి.

మొదట మీ హ్యాండ్‌సెట్ సంగతి చెబుతాను. అది వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు కనుచూపు మేర వరకే వెళతాయి. రెండు యాంటెన్నాల ఎత్తులనూ మీటర్లలో తీసుకొని, విడివిడిగా వాటి వర్గమూలాలు కట్టి, ఆ రెండింటినీ కూడి 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండు వైపులా 10 మీటర్ల ఎత్తు ఉంటే ఇది 26 కి.మీ. మీ ఊరి నుంచి రాజమహేంద్రవరం ఆకాశమార్గాన సుమారు 50 కి.మీ. ఉంటుంది కాబట్టి, భూమి ఎంత చదునుగా ఉన్నా ఆ దూరం హ్యాండ్‌సెట్‌తో రోజూ అందదు. వేసవిలో కొన్ని రాత్రులు సముద్రం మీది గాలి పొరల్లో డక్టింగ్ (తరంగాలు ఆ పొరల మధ్య చిక్కి దూరం సాగడం) ఏర్పడి తీరం వెంట చాలా దూరపు స్టేషన్లు వినిపించడం నిజమే గాని, వరద రోజున దాన్ని నమ్ముకోలేము. పైగా కొబ్బరి మట్టలు, ముఖ్యంగా తడిసిన మట్టలు, ఈ ఫ్రీక్వెన్సీలను బాగా పీల్చేసుకుంటాయి. మీరు గట్టు దిగగానే మాట తెగిపోవడానికి కారణం అదే. ఊరిలోనూ చుట్టుపక్కల లంకల్లోనూ మాట్లాడుకోవడానికి ఆ సెట్‌ను ఉంచుకొని, దానికి డాబా మీద ఒక బయటి యాంటెన్నా పెట్టండి. అయితే దానికి 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ మాత్రం వాడవద్దు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొడవులో సుమారు 6 డెసిబెల్స్ పోతాయి, అంటే మీ 5 వాట్లలో యాంటెన్నాకు చేరేది వాటున్నర కూడా ఉండదు. కేబుల్‌ను వీలైనంత పొట్టిగా ఉంచండి, లేదా నష్టం తక్కువుండే లావుపాటి ఆర్‌జీ-213 కేబుల్ వేయండి.

మీరు కోరుకున్న దూరాలకు సరైనది 40 మీటర్ల బ్యాండ్, అంటే మనకు 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ వరకు. మీ లైసెన్సులో మీ గ్రేడుకు ఏ బ్యాండ్లు, ఎంత శక్తి రాసి ఉన్నాయో ముందుగా చూసుకోండి. మీ ఊరి నుంచి విజయవాడ సుమారు 140 కి.మీ., విశాఖపట్నం 185 కి.మీ., హైదరాబాదు 380 కి.మీ. ఉంటాయి. ఇవి నేలబారు తరంగానికి ఎక్కువ దూరం, దూరదేశాల కోసం ఎత్తుగా కట్టే యాంటెన్నాకు మరీ దగ్గర. కాబట్టి సిగ్నల్‌ను దాదాపు నిట్టనిలువుగా పైకి పంపి, అయనావరణం (రేడియో తరంగాలను వెనక్కి తిప్పే పై వాతావరణపు పొర) నుంచి చుట్టూ కిందికి రాలేటట్లు చేయాలి. కుళాయి గొట్టాన్ని పైకప్పుకేసి పట్టినప్పుడు నీరు తగిలి గదంతా చిమ్మినట్లే ఇదీ జరుగుతుంది. ఇందుకు 7, 8 మీటర్ల ఎత్తులో కట్టిన మామూలు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి, రెండు వైపులా సమానమైన తీగ చేతులు చాపిన యాంటెన్నా) చాలు. టవర్ అవసరమే లేదు. 18 మీటర్ల చెట్టు మొవ్వు దాకా తీగ ఎక్కిస్తే మీకు దగ్గరి ఊళ్లు బలహీనపడి దూరదేశాలు బలపడతాయి, కాబట్టి ఎత్తు కోసం పోటీ పడకండి.

డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. 7.1కి 20.14 మీటర్లు వస్తుంది, అంటే ఒక్కో చేయి 10 మీటర్ల పైన కొద్దిగా. పీవీసీ తొడుగున్న తీగ వాడితే అసలు పొడవు ఇంతకంటే రెండు మూడు శాతం తగ్గుతుంది గాని, మొదటే తగ్గించకండి. కొంచెం పొడవుగానే కోసి, పైకెత్తి, 7.0, 7.1, 7.2 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా రిగ్‌కు ఎంత కుదిరిందో చెప్పే నిష్పత్తి, ఎంత తక్కువైతే అంత మేలు) చూడండి. కనిష్ఠం కింది వైపు వస్తే తీగ పొడవెక్కువ అన్నమాట. 50 కిలోహెర్ట్జ్ పైకి జరపాలంటే మొత్తం మీద 14 సెంటీమీటర్లు, అంటే ఒక్కో వైపు 7 సెంటీమీటర్లు తగ్గాలి. తీగను కోసేయకుండా కొసను వెనక్కి మడిచి దాని మీదనే చుట్టండి. మధ్యలో 1:1 బాలన్ (కేబుల్‌ను రెండు చేతులకు సమతూకంగా కలిపే పరికరం) పెట్టకపోతే కోయాక్స్ పైతొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయి ఇంట్లోని రొదనంతా రిగ్‌లోకి మోసుకొస్తుంది.

ఇక కొబ్బరి చెట్లు. వాటికి కట్టవచ్చు గాని కట్టే పద్ధతి వేరు. గాలికి రెండు చెట్లు రెండు వైపులకు ఊగుతాయి, బిగించి కట్టిన తీగ మొదటి వాయుగుండానికే తెగుతుంది. ఒక కొసను స్థిరంగా కట్టి, రెండో కొస తాడును కప్పీ మీదుగా కిందికి దించి, దానికి ఇసుక నింపిన డబ్బాను బరువుగా వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు డబ్బా పైకీ కిందికీ కదులుతుంది, తీగ మీద లాగుడు మారదు. కొబ్బరి తాడు తడిసి పుచ్చిపోతుంది, నైలాన్ సాగుతుంది. ఎండకు తట్టుకునే పాలిస్టర్ తాడు దొరికితే అది మేలు. చెట్టుకు మేకులు మాత్రం కొట్టవద్దు. ఆ గాయాల్లోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. పాత సైకిలు ట్యూబు చుట్టి దాని మీద పట్టీ బిగించండి. తీగ కొసలు మట్టలకు తగలకుండా ఒకటి రెండు మీటర్లు ఎడంగా ఉండాలి, అక్కడ తాడే ఉండాలి. దింపు కార్మికులు వచ్చే రోజున ముందుగా తీగ దించి, వారికి చెప్పి, వారు పని ముగించాక తిరిగి ఎత్తండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు, చెట్టెక్కిన మనిషి కాలికి కనపడని తీగ తగిలితే ప్రాణాపాయం. అలాగే కరెంటు తీగల మీదుగా గాని, తెగిపడితే వాటిపై పడేటంత దగ్గరగా గాని యాంటెన్నాను ఎట్టి పరిస్థితుల్లోనూ లాగకూడదు.

చివరగా ఉప్పుగాలి. రాగి, అల్యూమినియం నేరుగా కలిసిన చోట మన తీరంలో చూస్తూండగానే తెల్లని పొడి రాలుతుంది. రాగికి రాగినే కలిపి, సోల్డర్ చేయండి. పీఎల్-259 కనెక్టర్‌లోకి నీరు సులువుగా దిగుతుంది. ఒకసారి దిగిందంటే లోపలి అల్లిక తీగ వెంట మీటర్ల కొద్దీ పాకుతుంది. విప్పి చూస్తే ఎర్రగా మెరవాల్సిన అల్లిక నల్లబడి, వేలితో నలిపితే పొడి అవుతుంది. ఆ కేబుల్‌ను ఇక వాడవద్దు. కనెక్టర్ మీద తనలో తాను అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ చుట్టి, దానిపైన మామూలు టేపు వేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను దగ్గరకు రానివ్వకండి, అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబుల్ కిటికీలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిప్పితే వాననీరు అక్కడే కారిపోతుంది.

జవాబు: భీమవరం ఆక్వా టెక్నీషియన్

పైవారు యాంటెన్నా గురించి చెప్పినదానికి నేను కలపవలసింది ఏమీ లేదు. చిటపట గురించి, బ్యాటరీ గురించి చెబుతాను.

వాన తరువాత తగ్గిపోయే రొద అంటే మొదట అనుమానించవలసింది కరెంటు స్తంభాల మీది పింగాణీ ఇన్సులేటర్లను. సముద్రపు గాలిలోని ఉప్పు, దుమ్ము వాటి మీద పేరుకుంటాయి. రాత్రి మంచుకు ఆ పొర తడిసి కొద్దికొద్దిగా కరెంటు పారి, సన్నని నిప్పురవ్వలు పుడతాయి. మీకు వినిపించే చిటపట అదే. గట్టి వాన పడితే పొర కడిగేసుకుపోయి కొన్నాళ్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఏ స్తంభమో తెలుసుకోవాలంటే చిన్న ఏఎం రేడియోను స్టేషన్ లేని చోట పెట్టి వీధి వెంట నడవండి, రొద పెరిగిన స్తంభం నంబరు రాసుకొని లైన్‌మన్‌కు చెప్పండి. స్తంభాన్ని తట్టడం, తాకడం వద్దు.

వానతో సంబంధం లేని రొద అయితే అది ఇంట్లోనిదో చెరువులదో. ఇంటి మెయిన్ ఆపి, రేడియోను బ్యాటరీ మీద వినండి. రొద పోతే ఇంట్లోనే ఉంది: చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్, సోలార్ ఛార్జ్ కంట్రోలర్ ఒక్కొక్కటే వేసి చూడండి. పోకపోతే చుట్టుపక్కల రొయ్యల చెరువుల దగ్గర మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవ్‌లు ఉన్నాయేమో చూడండి. వాటి రొద చాలా దూరం వస్తుంది. చెరువు యజమానితో స్నేహంగా మాట్లాడి, డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే వైర్లన్నింటినీ కలిపి ఒకే ఫెర్రైట్ రింగులోంచి తీయడం, ఎర్తింగ్ సరిచేయించడం వంటివి చేస్తే చాలావరకు తగ్గుతుంది.

బ్యాటరీ సంగతికి వస్తే, 100 వాట్ల తరగతి రిగ్ వినేటప్పుడు సుమారు 1 ఆంపియర్, పూర్తి శక్తితో మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. రోజంతా వినడానికే 24 ఆంపియర్-అవర్లు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఉంటే కొత్తది కొననక్కరలేదు. అందులో సగమే వాడుకోవాలన్న నియమం పెట్టుకున్నా, పొదుపుగా మాట్లాడితే రెండు రోజులు గడుస్తాయి. రిగ్‌ను నేరుగా బ్యాటరీకి కలపండి, ఆ సమయంలో ఇన్వర్టర్‌ను ఆపేయండి. ఫ్యూజు రిగ్ వైపు కాదు, బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి.

చాలామంది పట్టించుకోని విషయం ఈ వైరు మందం. బ్యాటరీ నుంచి రిగ్ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 10 మీటర్ల రాగి. 2.5 చదరపు మి.మీ. వైరులో 20 ఆంపియర్లు పారితే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 13.8 వోల్టుల రిగ్‌లు సాధారణంగా 15 శాతం తేడా వరకే ఓర్చుకుంటాయి, అంటే 11.7 దాకా. బ్యాటరీ 12.4 చూపుతుండగానే మాట్లాడే మీట నొక్కిన క్షణంలో రిగ్ ఆరిపోతున్నదంటే కారణం ఇదే. 6 చదరపు మి.మీ. వైరు వేస్తే ఆ నష్టం అర వోల్టు దగ్గరికి వస్తుంది.

రిగ్ శక్తి గురించి నా అభిప్రాయం: 10 వాట్లకూ 100 వాట్లకూ తేడా 10 డెసిబెల్స్, అవతలివారి మీటరు మీద రెండు ఎస్-యూనిట్ల (సిగ్నల్ బలాన్ని చూపే అంకెలు) కంటే తక్కువ. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన మైక్రోబిట్‌ఎక్స్ వంటి 10 వాట్ల సెట్‌తో పగటిపూట ఈ దూరాలు చక్కగా అందుతాయి, పైగా దాని సర్క్యూట్ అందరికీ అందుబాటులో ఉన్నందున పాడైతే మనమే బాగుచేసుకోవచ్చు. అయితే వరద కోసం ఒకే ఒక్క సెట్ ఉండాలంటే, ఉరుముల రొద మీదుగా మాట వినిపించాలి కాబట్టి, 100 వాట్లది కొని, మామూలు రోజుల్లో 25 వాట్లకు తగ్గించి వాడుకోవడమే మంచిదని నేను నమ్ముతాను.

జవాబు: రాజమహేంద్రవరం నెట్ ఆపరేటర్

పరికరాలు సిద్ధమయ్యాక వాటిని వాడే తీరు గురించి రాస్తున్నాను. 2004 డిసెంబరు సునామీ తరువాత అండమాన్ నుంచి భారతీ ప్రసాద్ గారు వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో కబుర్లు చేరవేసిన సంగతి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత విశాఖలో హ్యామ్‌లు పనిచేసిన సంగతి మీరు వినే ఉంటారు. ఆ ఆపరేటర్లకు అంతకుముందే ప్రతి దినం మైకు ముందు కూర్చునే అలవాటు ఉంది. మీరు కూడా వరద కోసం ఎదురుచూడకుండా ఇప్పటి నుంచే రోజూ కాసేపు వినండి.

40 మీటర్ల మీద మాటకు ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్) అనే ప్రసార పద్ధతి వాడతారు. ఒక ఫ్రీక్వెన్సీకి వచ్చాక కనీసం ఒక నిమిషం విని, ఖాళీగా ఉందా అని రెండుసార్లు అడిగి, జవాబు రాకపోతేనే పిలవండి. మనకు వినిపించని స్టేషన్‌తో ఎవరో మాట్లాడుతూ ఉండవచ్చు. ప్రతి మాట తరువాత రెండు క్షణాలు ఖాళీ వదిలితే అత్యవసరం ఉన్నవారు మధ్యలో పలకగలుగుతారు. లాగ్‌బుక్‌లో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) రాసే అలవాటు చేసుకోండి, మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసివేయాలి.

బ్యాండ్ రోజంతా ఒకేలా ఉండదు. పొద్దెక్కాక విజయవాడ, విశాఖ బలంగా ఉంటాయి. మన అక్షాంశాల్లో అయనావరణం దట్టంగా ఉండటం వల్ల రాత్రి కూడా కొంతవరకు నడుస్తుంది గాని, తెల్లవారుజామున దగ్గరి స్టేషన్లు మాయమై దూరపువి వినిపించడం మొదలైతే అది మీ యాంటెన్నా తప్పు కాదు. అప్పుడు 80 మీటర్ల బ్యాండుకు దిగాలి. అదే బాలన్‌కు 3.6 మెగాహెర్ట్జ్ కోసం ఇంకో జత తీగలు, ఒక్కోటి సుమారు 20 మీటర్లు, కలిపి వేరే దిక్కుకు లాగితే సరిపోతుంది.

వరద సందేశం కాగితం మీద రాసుకొని మాత్రమే చదవాలి. మన ప్రాంతంలో ఊళ్ల పేర్లే పెద్ద చిక్కు. బూరుగులంక, ఊడిమూడిలంక, కనకాయలంక: రొదలో చివరి "లంక" తప్ప మిగిలింది వినిపించకపోతే పడవ ఇంకో ఊరికి వెళుతుంది. ఊరి పేరుతో పాటు మండలం, జిల్లా తప్పక చెప్పి, పేరును ఫోనెటిక్ అక్షరాల్లో (ఎ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో అన్నట్లు) ఒకసారి విడమరచండి. ఉదాహరణకు ఇలా ఉండాలి:

"సందేశం సంఖ్య 4. అత్యవసరం. సమయం 0915 యూటీసీ. ఊరు బూరుగులంక, మండలం పి.గన్నవరం, కోనసీమ జిల్లా. గర్భిణి ఒకరు, ఇంజను పడవ కావాలి. పడవ ఆగవలసిన చోటు రామాలయం మెట్లు. సందేశం సమాప్తం. తిరిగి చదవండి."

అవతలివారు తిరిగి చదివి, మీరు సరే అన్నాకే అది చేరినట్లు లెక్క. విన్నమాటను, మీరు కళ్లారా చూసినదాన్ని ఒకే సందేశంలో కలపవద్దు. రోగుల పేర్లు గాలిలో చెప్పవద్దు, రేడియో ఉన్న ఎవరైనా వింటారు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది వస్తాయి. మొదటి హెచ్చరిక వినగానే బ్యాటరీ నిండా ఛార్జ్ చేయండి, రిగ్‌నూ బ్యాటరీనీ మేడమీదికి చేర్చండి. రెండవ హెచ్చరిక నాటికి కరెంటు తీసేసే అవకాశం ఉంటుంది కాబట్టి అప్పటికి మీ స్టేషన్ పూర్తిగా బ్యాటరీ మీద నడుస్తూ ఉండాలి. ఉరుములు దగ్గరికొస్తే మాత్రం ఎంత అవసరమైనా కోయాక్స్ విప్పి కిటికీ బయట పెట్టేయండి.

లంకవాసి

ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. 100 వాట్ల రిగ్ వైపే మొగ్గుతున్నాను. ఒక చిక్కు ఉంది. చెట్లకు కాకుండా దొడ్డి మధ్యలో ఇనుప పైపు పాతి కడదామంటే, ఖాళీ స్థలం ఈ కొస నుంచి ఆ కొసకు 16 మీటర్లే ఉంది. 20 మీటర్ల డైపోల్ పట్టదు. ఇంకేదైనా యాంటెన్నా చూడాలా?

జవాబు: అమలాపురం ఆపరేటర్

అవసరం లేదండీ, అదే పడుతుంది. మధ్యలో 8 మీటర్ల పైపు నిలబెట్టి, రెండు చేతులనూ ఇంటి కప్పులా రెండు వైపులకు వాలుగా దించి, కొసలను 3 మీటర్ల ఎత్తున్న గుంజలకు కట్టండి. మధ్య నుంచి ఒక్కో వైపు 8 మీటర్లు నేలమీద, 5 మీటర్లు దిగుడు కాబట్టి వాలు పొడవు 9.4 మీటర్లు వస్తుంది. మిగిలే 60 సెంటీమీటర్లను గుంజ దగ్గర నిలువుగా కిందికి వేలాడనివ్వండి. యాంటెన్నాలో కరెంటు మధ్యభాగంలోనే ఎక్కువ, కొసల్లో అతి తక్కువ, అందువల్ల కొసలు వంగినా నష్టం స్వల్పం. కొసల్లో వోల్టేజీ మాత్రం ఎక్కువగా ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు తాకితే చేయి కాలుతుంది కాబట్టి పిల్లలకు, పశువులకు అందకుండా చూడండి. పైపును గైతాళ్లతో మూడు వైపులా బిగించి, మొదలును మెయిన్ ఎర్తింగ్‌తో కలపండి.

తీగ ఎత్తాక 7.0, 7.1, 7.2 దగ్గర వచ్చిన మూడు ఎస్‌డబ్ల్యూఆర్ రీడింగులను, తీగకు పీవీసీ తొడుగు ఉందో లేదో ఇక్కడ రాయండి. ఒక్కో వైపు ఎన్ని సెంటీమీటర్లు మడవాలో లెక్కగట్టి చెబుతాను.